రెండిట్లో ఒకటి నచ్చితే ‘బెటర్’ అనే తీరాలా, ‘బెస్ట్’ అన్నా చెల్లుతుందా?

సాలెగూడు:
ఒక ఇంటర్వ్యూలో నా ముందు రెండు డిజైన్లు పెట్టి ఏది నచ్చిందో చెప్పమన్నారు. ‘ఐ లైక్ ద సెకండ్ వన్ బెస్ట్’ అన్నాను. ఎందుకు నచ్చిందో చెప్పబోతుంటే ఒకాయన అడ్డుకుని, ‘ఉన్నవి రెండేగా, బెస్ట్ ఎలా అవుతుంది?’ అన్నారు. ఇక నా నోరు పెగల్లేదు. అది నిజంగా తప్పేనా?

ఎర్రసిరా:
తప్పేనండీ. రెండిటిని పోలిస్తే కంపారెటివ్ (బెటర్, యంగర్ లాంటి రూపం), మూడో అంతకు మించో ఉంటే సూపర్లేటివ్ (బెస్ట్, యంగెస్ట్ లాంటి రూపం). ‘ఐ లైక్ ద సెకండ్ వన్ బెటర్’ అనాలి. ‘ఐ ప్రిఫర్ ద సెకండ్ వన్’ అంటే అసలు పేచీయే రాదు. ఎలాగూ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, ‘ప్రిఫర్ దిస్ దేన్ దట్’ అనకండి, ‘ప్రిఫర్ దిస్ టు దట్’ అనాలి. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్ కూడా ఇంతే. ఇవన్నీ లాటిన్ నుంచి వచ్చినవి, వీటి పక్కన ‘టు’ వస్తుంది. ‘మోర్ ప్రిఫరబుల్’ కూడా వద్దు. ఆ ‘మోర్’ ప్రిఫరబుల్‌లోనే ఉంది.

వానకోయిల:
‘మోస్ట్ ఫేవరెట్’ని కూడా ఆ జాబితాలో వేయండి, పుణ్యముంటుంది.

తెల్లకాగితం:
ఎర్రసిరా గారూ, ‘ప్రిఫర్ టు’ దగ్గర మీతో పేచీ లేదు. ‘బెస్ట్’ దగ్గరే ఉంది. జేన్ ఆస్టెన్ నవల ‘ఎమ్మా’ 1815లో వచ్చింది. మొదటి అధ్యాయంలోనే ఎమ్మాను ‘ద యంగెస్ట్ ఆఫ్ ద టూ డాటర్స్’ అని పరిచయం చేస్తుంది. ఉన్నది ఇద్దరే కూతుళ్లు, అయినా ‘యంగర్’ అనలేదు. ‘పుట్ యువర్ బెస్ట్ ఫుట్ ఫార్వర్డ్’ అంటారు, మనిషికి ఎన్ని కాళ్లు? ఇద్దరే తలపడే పోటీలో కూడా ‘మే ద బెస్ట్ మేన్ విన్’ అంటారు. ఇంగ్లిష్ సొంత భాషగా ఉన్నవాళ్లు మాటల్లో రెండిటికీ ‘బెస్ట్’ వాడుతూనే ఉన్నారు. మీరు చెప్పింది జాగ్రత్తగా రాసే రాతకు పనికొచ్చే పద్ధతి. దాన్ని మాట్లాడే మనిషి మీద కేసుగా పెట్టకూడదు.

ఎర్రసిరా:
నానుడులు నియమాలు కావండీ. నవలలో ఉందని పరీక్షలో రాస్తే మార్కు పడదు. ‘ద బెటర్ ఆఫ్ ద టూ’ అనే రాయాలి, ముందు ఆ ‘ద’ కూడా ఉండాలి. కంపారెటివ్ ముందు ‘ద’ ఎందుకని చాలామంది దాన్ని వదిలేస్తారు, అదీ తప్పే.

గాలిపటం:
మరి సాలెగూడు గారి వాక్యంలో ‘బెస్ట్’ ముందు ‘ద’ లేదుగా? అది కూడా తప్పా?

తెల్లకాగితం:
కాదు. ‘లైక్’ అనే క్రియకు అతుక్కుని వచ్చినప్పుడు ‘ఐ లైక్ దిస్ బెస్ట్’ అంటే చాలు, ‘ద’ అక్కర్లేదు. ‘దిస్ ఈజ్ ద బెస్ట్ వన్’ అన్నప్పుడు కావాలి.

ఎర్రసిరా:
నేను దాన్ని తప్పన్నానా? ‘ఆఫ్ ద టూ’ వచ్చినప్పటి సంగతి చెప్పాను. సరిగ్గా చదవండి.

పొద్దుతిరుగుడు:
వీటికంటే చిక్కైనది ‘ఐ లైక్ హర్ మోర్ దేన్ యు’. ‘నీకన్నా ఆమె నాకు ఎక్కువ ఇష్టం’ అనీ అర్థం చేసుకోవచ్చు, ‘ఆమెంటే నీకున్న ఇష్టం కన్నా నాకు ఎక్కువ’ అనీ చేసుకోవచ్చు. రెండోదైతే చివర ‘డూ’ చేర్చాలి. బెటర్, బెస్ట్ తేడాతో ఎవరి మనసూ విరగదు కానీ ఇది విరిచేస్తుంది.

తెల్లకాగితం:
అదీ చూడాల్సింది. అర్థం ఎక్కడ చెడుతుందో అక్కడ దిద్దండి. రెండు డిజైన్ల ముందు ‘బెస్ట్’ అంటే ఎవరికి ఏం అర్థం కాలేదు? ఎర్రసిరా గారికి మనిషి చెప్పేది వినడం కన్నా తప్పు పట్టడమే ఇష్టంలా ఉంది.

ఎర్రసిరా:
మాటలు జాగ్రత్తగా వాడండి. ‘రెండూ సరైనవే’ అని చెప్పి మీరు వెళ్లిపోతారు, ఆ మాట నమ్మినవాడు నష్టపోతాడు. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి సరిగ్గా ఇలాంటి ప్రశ్నకే ‘బెస్ట్’ గుర్తు పెట్టి వచ్చాడు. వాడుకలో ఉందని ఎవరో చెప్పారట. ఆ ఒక్క మార్కుతో సీటు పోయింది. ఇంట్లో ఇంగ్లిష్ వింటూ పెరిగినవాళ్లు ‘బెస్ట్’ అంటే అది సహజం, మా పిల్లలు అంటే అది రాకపోవడం. వాళ్ల వైపు ఎవరూ వేలెత్తకూడదనే నేనింత గట్టిగా నేర్పుతాను. తప్పు పట్టడం నాకు సరదా అనుకుంటున్నారా?

తెల్లకాగితం:
ఆ అబ్బాయి విషయం బాధాకరం. కానీ మీరే అన్నారు, ఒకరు అంటే సహజం, ఇంకొకరు అంటే రాకపోవడం అని. అలాంటప్పుడు తేడా వ్యాకరణంలో ఎక్కడుంది? కొలిచేవాడి చూపులో ఉంది. పిల్లలకు నియమం నేర్పండి, నేను కాదనను. దాంతోపాటు అది పరీక్ష కోసమని, బయట ఇంగ్లిష్ ఇంకోలా కూడా ఉంటుందని చెప్పండి. చెప్పకపోతే వాళ్లు నోరు తెరిచే ముందు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు, రెండున్నాయా, మూడున్నాయా అని.

సాలెగూడు:
నాకు అదే జరిగింది. రెండో డిజైన్‌లో అక్షరాలు పెద్దవి, చూపు తగ్గినవాళ్లు కూడా చదవగలరు. ఆ మాట చెబుదామనే మొదలుపెట్టాను. వాళ్లు తర్వాత కూడా అడగలేదు, నేనూ చెప్పలేకపోయాను.

ఎర్రసిరా:
సాలెగూడు గారూ, ఈసారి ఇంటర్వ్యూకి వెళ్తే ‘బెటర్’ అనే చెప్పండి, ఈ సలహా నేను మార్చుకోను. మిమ్మల్ని అడ్డుకున్నాయన చేసింది సరైన పనని మాత్రం నేనెక్కడా అనలేదు. క్లాసులో కూడా పిల్లవాడు వాక్యం ముగించాకే దిద్దుతాను.

తెల్లకాగితం:
ఆ మాట మొదటి జవాబులో ఉండాల్సింది. ఆయన అడిగింది మార్కుల గురించి కాదు.