‘మిర్చ్ మసాలా’ క్లైమాక్స్: గెలిచింది ఆడవాళ్ళా, అబూ మియానా?

పాతరీలు:
నిన్న రాత్రి కేతన్ మెహతా ‘మిర్చ్ మసాలా’ (1987) మళ్ళీ చూశా. చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. తెల్లవాళ్ళ కాలం, గుజరాత్‌లో ఓ పల్లె. పన్ను వసూలుకొచ్చిన సుబేదారు (నసీరుద్దీన్ షా) కన్ను సోన్‌బాయి (స్మితా పాటిల్) మీద పడుతుంది. ఆమె వాడి చెంప పగలగొట్టి, కారం పట్టే కార్ఖానాలోకి పరిగెడుతుంది. ముసలి కాపలాదారు అబూ మియా (ఓం పురి) తలుపు మూసేస్తాడు. ఊరి పెద్ద ముఖీతో సహా దాదాపు అందరిదీ ఒకటే మాట: ఒక్కదాన్ని పంపేస్తే పోలా? చివరికి సిపాయిలు తలుపు బద్దలుకొడతారు, అబూ చనిపోతాడు, ఆడవాళ్ళు సుబేదారు మొహాన కారం కొడతారు.

దీన్ని స్త్రీల తిరుగుబాటు సినిమా అంటారు. నాకైతే అబూ సినిమాలాగే ఉంది. తలుపు మూసింది ఆయన, తుపాకీ ఆయనది, పోయిన ప్రాణం ఆయనది. ఊరి మగాళ్ళని నిలబెట్టి కడిగేసిందీ ఆయనే. చునీలాల్ మడియా రాసిన అసలు గుజరాతీ కథ పేరే ‘అభు మకరాణీ’. ఇంకేం కావాలి?

రాత్రిబండి:
మీరే జవాబు చెప్పేశారు సార్. కథకి అబూ పేరు, సినిమాకి కారం పేరు. అబూ ఉన్నంతసేపూ ఎవరూ గుప్పెడు కారం విసరలేదు. ఆయన పడిపోయాకే కదా వాళ్ళు లేచింది! ఆ ఆఖరి ఫ్రేములో కొడవలి పట్టుకున్న స్మితని జనం చూసేనాటికి ఆమే లేదు, 1986 డిసెంబరులోనే పోయింది. అది తలుచుకుంటే నాకు వాదించబుద్ధి కాదు.

ఎర్రమట్టి:
‘నిశాంత్’ (1975) చూడండి. శ్యామ్ బెనగల్‌ది, మన తెలంగాణ దొరల కథ, అందులోనూ నసీర్, స్మిత. బడిపంతులు భార్యని దొర తమ్ముళ్ళు ఎత్తుకుపోతారు. చివరికి ఊరు తిరగబడుతుంది. ఆ గుంపు చేతిలో ఏ పాపం ఎరగని స్మిత పాత్ర కూడా పోతుంది. ఆడదాని పేరు చెప్పి ఊరు తిరగబడ్డా ఆడదానికి దిక్కులేదక్కడ. దాని పక్కన పెడితే ‘మిర్చ్ మసాలా’ చాలా మేలు.

తొడిమలమ్మ:
మాది గుంటూరు దగ్గర పల్లె. మిరపకాయల తొడిమలు తీసే పనికి మా అమ్మ పోయేది, నేనూ రెండు సీజన్లు పోయాను. తేజ రకమైతే సాయంత్రానికి గోళ్ళ సందుల్లో మంట. కొబ్బరినూనె రాసినా దిగదు. ఆ చేత్తో చంటిపిల్లని ఎత్తుకోవాలన్నా భయమే. అందుకే ఆ చివరి సీన్లో నేను సుబేదారుని చూడను. ఆ ఎర్ర దుమ్ములో వాళ్ళూ ఉన్నారు కదా, వాళ్ళ కళ్ళ సంగతేంటి అని చూస్తాను.

అబూ కంటే నన్ను పట్టేసింది ఇంకోటి. లోపలి ఆడవాళ్ళే సోన్‌బాయిని తిడతారు, నీ వల్లే మాకీ ఖర్మ, వెళ్ళిపో అని. ఓసారి మా పనిలో మేస్త్రీ ఒకమ్మాయి చెయ్యి పట్టుకున్నాడు. మేమందరం ఆ పిల్లకే చెప్పాం, సర్దుకోవే, పని పోద్ది అని. నేనూ చెప్పాను. మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. అలాంటి ఆడవాళ్ళు తలుపు పగిలేసరికి ఎలా మారారన్నదే నాకు సినిమా. అబూ వాళ్ళకి కాస్త టైమిచ్చాడు, అంతే.

రాత్రిబండి:
అక్కా, ఇది చదివాక నేను రాసింది తేలిపోయింది. ఒక్కటి కలుపుతా. ముఖీ పెళ్ళాం సరస్వతి (దీప్తీ నావల్) ఊరి ఆడవాళ్ళని పోగేసి పళ్ళేలు మోగిస్తూ వీధిలోకొచ్చింది. ఆమెకి ఏ అబూ అడ్డం లేడు. మొగుడు ఈడ్చుకెళ్ళి ఇంట్లో పెట్టి తాళం వేశాడు.

పాతరీలు:
సరస్వతిని మర్చిపోయా, ఒప్పుకుంటా. అబూ విషయంలో మాత్రం తగ్గను. టైమివ్వడం చిన్న సంగతా? దానికే కదా ప్రాణం పోయింది. సరే, మర్నాడు? సుబేదారు పని అయిపోయింది, వాడి పైవాడు రాడా? సినిమా అక్కడ కట్ చేసి తప్పించుకుంది.

తొడిమలమ్మ:
వస్తాడండీ, రాకేం. ఈలోగా వాళ్ళు కిందపడ్డ కారం ఊడ్చి ఎత్తుకుంటారు. మా దగ్గరైతే అది కూలీలో కోసేవాళ్ళు.