వేరే పేరుతో ఫోన్ చేసి కనుక్కున్న సంగతిని వాడుకోవచ్చా?

కొత్తపొద్దు: ఒక కంపెనీతో భాగస్వామ్యం కుదుర్చుకునే ముందు దాని ఓనర్ ఎలాంటివాడో చూద్దామని ప్రైవేట్ డిటెక్టివ్‌ని పెట్టుకున్నాం. కోర్టు కేసులు, రిజిస్ట్రేషన్ కాగితాలు అన్నీ పద్ధతిగానే ఇచ్చాడు. కానీ ఏడో పేజీలో ఆయన బ్యాంకు బాకీ ఆఖరి అంకెతో సహా ఉంది. ఎలా తెలిసిందంటే "ఆయన తమ్ముడినని బ్యాంకుకి ఫోన్ చేశాం సార్" అన్నాడు, చాలా మామూలుగా. ఆ పేజీ ఉంచుకోవాలా, చించేయాలా?

ఫైళ్లమనిషి: చించేయడం కాదు, ముందు మీ లాయర్‌కి చెప్పండి. అబద్ధం చెప్పి ఒకరి ఖాతా వివరాలు రాబట్టడం అమెరికాలో 1999 నుంచే నేరం, గ్రామ్-లీచ్-బ్లైలీ అనే చట్టం ఉంది. హెచ్‌పీ అనే కంప్యూటర్ల కంపెనీ కథ గుర్తుందా? బోర్డు సంగతులు పత్రికలకి ఎవరు చేరవేస్తున్నారో కనుక్కోమంటే, డిటెక్టివులు డైరెక్టర్లలా, విలేకరుల్లా నటించి వాళ్ల ఫోన్ రికార్డులు లాగారు. 2006లో బయటపడింది, చైర్‌పర్సన్ ప్యాట్రీషియా డన్ పదవి పోయింది, కంపెనీ కాలిఫోర్నియా రాష్ట్రానికి కోటీ 45 లక్షల డాలర్లు కట్టింది.

నీడ: 18 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఫైళ్లమనిషి గారూ, నకిలీ సరుకు అమ్మేవాడి దగ్గరికెళ్లి "అయ్యా నేను డిటెక్టివ్‌ని, నకిలీవి ఉన్నాయా" అని అడగమంటారా? న్యూయార్క్‌లో గిడాటెక్స్ అనే ఫర్నిచర్ కంపెనీ కేసులో డిటెక్టివులు ఇంటి డెకరేషన్ చేసేవాళ్లమని చెప్పి ఎదుటి పక్షం షాపుకెళ్లి మాటలు రికార్డు చేస్తే, 1999లో కోర్టు ఆ సాక్ష్యాన్ని కొట్టేయలేదు. అబద్ధం లేకుండా ఈ పని నడవదు.

ఫైళ్లమనిషి: షాపు తలుపు అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరొచ్చినా అవే మాటలు చెబుతారు. బ్యాంకు అలా చెప్పదు కదా, తమ్ముడినన్నారు కాబట్టే చెప్పింది. రెండూ ఒకటే ఎలా అవుతాయి?

నీడ: అబద్ధం అబద్ధమే. మీకు నచ్చినదానికి ఒక పేరు, నచ్చనిదానికి ఇంకో పేరు.

చిట్టిరాయి: అసలు ఆయనకి తమ్ముడున్నాడా?

రెండోవాడు: మీరిద్దరూ అబద్ధం దగ్గరే ఆగిపోయారు. నా సంగతి వినండి. నాకు ఖాయమైన కాంట్రాక్టు ఒకటి ఉన్నట్టుండి చేజారింది, కారణం ఎవరూ చెప్పలేదు. ఏడాది తర్వాత అక్కడ పనిచేసి మానేసిన ఒకాయన ఆ రిపోర్టు పేజీ చూపించాడు. "విశ్వసనీయ వర్గాల ప్రకారం ఇతనిపై మోసం కేసు ఉంది." ఉన్నమాట నిజమే, నా పేరూ ఇంటిపేరూ ఉన్న ఇంకొకడి మీద. పుట్టిన తేదీ పోల్చి చూస్తే రెండు నిమిషాల్లో తేలేది. మా ఇంట్లోవాళ్లు కూడా కొన్నాళ్లు నన్ను అదోలా చూశారు. అందులో ఎవరూ అబద్ధం ఆడలేదు సార్, వేరే పేరుతో ఫోనూ చేయలేదు.

నీడ: అది చేతకాని డిటెక్టివ్ తప్పు. దానికి మా అందరినీ దొంగల్ని చేస్తారా?

రెండోవాడు: ఆ "వర్గాలు" ఎవరో రాసుంటే కాంట్రాక్టు ఇచ్చేవాళ్లే పట్టుకునేవాళ్లు. మీరు రాస్తారా?

నీడ: రాయను! రాస్తే నాకు చెప్పిన గుమాస్తా ఉద్యోగం పోతుంది. పైగా క్లయింట్ నాతో ఏమంటాడో తెలుసా? "ఎలా తెస్తావో నాకు చెప్పొద్దు, సోమవారానికి నా టేబుల్ మీద ఉండాలి." పని అయితే వాళ్ల తెలివి, బెడిసికొడితే నా నేరం. హెచ్‌పీలో కూడా నేరం ఒప్పుకున్నది కింద ఉన్న డిటెక్టివే, చైర్‌పర్సన్ మీద కేసు కొట్టేశారు. ఆ మాట ఫైళ్లమనిషి గారు ఎందుకు దాటేశారో!

ఫైళ్లమనిషి: దాటేశాను, ఒప్పుకుంటున్నా. ఇంకోటి కూడా చెప్పాల్సింది. అక్కడ కంపెనీ నైతిక నియమాలు చూసే లాయరే, రికార్డులు ఎలా వస్తున్నాయని మెయిల్‌లో అడిగాడు. అంచు మీదే ఉంది గానీ పర్లేదన్నట్టు జవాబొచ్చింది. దానికి ఆయన రాసింది "అడక్కుండా ఉండాల్సింది" అని. మీ క్లయింట్ అనేదీ అదేగా. అమెరికన్ బార్ అసోసియేషన్ అనే లాయర్ల సంఘం నమూనా నియమాల్లో 5.3 అని ఒకటుంది. లాయర్ పెట్టుకున్న మనిషి చేసే తప్పు లాయర్‌కి తెలిసి ఒప్పుకుంటే, లేదా ఆపగలిగి ఆపకపోతే, అది లాయర్ మెడకే. అందుకే మా ఆఫీసులో ప్రతి వాక్యం పక్కనా ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఎవరు చూశారు అని ఉండకపోతే రిపోర్టు వెనక్కి పంపేస్తాం. ఆ గుమాస్తా ఉద్యోగం పోతుందని మీకే తెలుసు కదా, అంటే ఆయన చెప్పకూడనిది చెప్పాడనేగా?

నీడ: ఆ లెక్కన మీకు నేనెందుకు, రికార్డు రూముకి ఒక కుర్రాణ్ణి పంపితే చాలు.

ఫైళ్లమనిషి: చాలాసార్లు అదే చేస్తాం.

రెండోవాడు: నన్ను ఒక్కమాట అడగాల్సిన పని కూడా ఉంది. అది ఇద్దరిలో ఎవరి లిస్టులోనూ లేదు.

నీడ: అడిగితే అవతలివాడు కాగితాలు మాయం చేస్తాడు. నిఘా అంటేనే అడక్కుండా చూడటం.

రెండోవాడు: నా దగ్గర మాయం చేయడానికి ఏముంది, పుట్టిన తేదీనా?

కొత్తపొద్దు: చిట్టిరాయి గారూ, మీరు సరదాకి అడిగారో ఏమో, నేను కనుక్కున్నాను. ఆయనకి తమ్ముడే లేడట, ఇద్దరు అక్కలు. బ్యాంకుకి ఏ రోజు, ఏ నంబరుకి చేశారో చెప్పమని డిటెక్టివ్‌కి నిన్న పొద్దున మెసేజ్ పెట్టాను. చూశాడు. జవాబు లేదు.

చిట్టిరాయి: మరి ఆ ఆఖరి అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది?