సమస్య: "కదలలేని పుటలు గాన మిచ్చె"

నిర్వాహకుడు: ఇంటి పాటల సేకరణను స్టాటిక్ సైటుగా ప్రచురించడమే ఈ వారపు విషయం. ఆటవెలదిలో పూరించాలి. అటువంటి సైటులో అడిగినప్పుడల్లా పుటను అల్లి ఇచ్చే ప్రోగ్రాము ఉండదు, ముందే తయారైన ఫైళ్లు మాత్రమే ఉంటాయి. అవి పాట ఎలా వినిపించాయో పద్యంలో తెలియాలి.

పూరణ 1 (గుంటూరు సోదరి)

పూర్వగీతములను ఫోల్డరులం దుంచి
యొక్క యాజ్ఞతోడ నొనరె సైటు
డేటబేసు లేదు టెక్కులు లేవింక
కదలలేని పుటలు గాన మిచ్చె

ఫెయిర్‌క్యాంప్‌ను ఉద్దేశించి రాశాను. ఆల్బమ్‌కు ఒక ఫోల్డరు చొప్పున పెట్టి ఆజ్ఞ ఇస్తే, రస్ట్ భాషలో రాసిన ఆ ప్రోగ్రాము పాటల ట్యాగులు (పాట పేరు, పాడినవారి పేరు వంటి, ఫైలులోనే ఉండే వివరాలు) చదివి, పుటలనూ, ఓపస్, ఎంపీ3 అనే ఆడియో రూపాల్లో ప్రతులనూ తానే సిద్ధం చేస్తుంది.

పరిశీలన: ధార బాగుంది, పూ–ఫో యతి చెల్లింది. 'డేటాబేసు'ను కుదించడం గణాల కోసమే అయినా, అన్యదేశ్యాల విషయంలో ఆ మాత్రం చొరవ తీసుకోవచ్చునని నా అభిప్రాయం. అసలు చిక్కు 'పూర్వగీతములను' అన్నచోట ఉంది. మన 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుపై హక్కు ప్రచురణ తరువాత 60 ఏళ్లు నిలుస్తుంది. సాహిత్యం మీదా, బాణీ మీదా హక్కు వాటి కర్త మరణించాక మరో 60 ఏళ్లు ఉంటుంది కనుక, రికార్డు గడువు తీరినా పాట గడువు తీరకపోవచ్చు. పాతది అన్నంత మాత్రాన అందరికీ పంచిపెట్టరాదు.

పూరణ 2 (డాలస్ సభ్యుడు)

మార్పు లేని దనుచు మాటాడ వలదయ్య
బ్రౌజరుండ పాట పలుకుచుండు
వినెడివాని చేతి వేలొత్తినను చాలు
కదలలేని పుటలు గాన మిచ్చె

పరిశీలన: సమస్యలోని విరోధాన్ని పరిహరించిన పూరణ ఇది, పుట కదలదు, పలికించేది బ్రౌజరు. అయితే 'చాలు' అనడం కొంత అతిశయోక్తి. శ్రోత పాటను మధ్యకు జరిపినప్పుడు బ్రౌజరు ఫైలులో ఆ భాగాన్ని మాత్రమే అడుగుతుంది. సర్వరు 206 సంకేతంతో (ఫైలులో అడిగిన భాగమే పంపుతున్నానని తెలిపే జవాబు) ఆ ముక్కను పంపగలగాలి, లేకుంటే రెండో చరణం కోసం పల్లవి నుంచి వినవలసి వస్తుంది.

పూరణ 3: రెండవ పాదంలో యతి తప్పినందున ప్రకటించలేదు. సవరించి పంపగలరు.

సవరణ (గుంటూరు సోదరి): మా నాయనమ్మ పాడగా మేమే రికార్డు చేసుకున్న మంగళహారతులు, పెండ్లి పాటలు మాత్రమే ఆ సైటులో ఉన్నాయి కనుక మొదటి పాదాన్ని ఇలా మారుస్తున్నాను: "పుట్టినింటి పాట ఫోల్డరులం దుంచి".

పరిశీలన: గణాలూ, యతీ సరిపోయాయి. 'పాట' జాత్యేకవచనంగా (పాటలన్నిటినీ కలిపి చెప్పే ఏకవచనంగా) చెల్లుతుంది. స్వీకరించడమైనది.