ఓడిన తమ్ముడిని ఈ తిట్ల నుంచి ఎలా బయటకు తేవాలి?

మాది పర్లాకిమిడి. మా తమ్ముడికి పంతొమ్మిదేళ్లు. ఫోనులో ఆడే తుపాకుల వీడియో గేమ్ బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) జట్టులో ఆడతాడు. బరంపురం జట్టుతో రెండేళ్లుగా పోటీ. పోయిన నెల ఫైనల్లో చివరి రౌండులో వాడు గ్రెనేడ్ తొందరపడి విసిరాడు, సొంత జట్టువాడే పడిపోయాడు. కప్పు చేజారింది.

ఆ రాత్రి నుంచి తిట్లు. తెలుగులో, ఒడియాలో. అమ్ముడుపోయావని ఒకరు, చచ్చిపొమ్మని ఇంకొకరు. విచిత్రమేమిటంటే బరంపురం అభిమానుల కంటే మా ఊరివాళ్లవే ఎక్కువ. మొన్నటిదాకా వీళ్లే వాడిని భుజాన ఎత్తుకున్నారు! తెల్లవారుజామున మూడింటికి లేచి చూస్తే, దుప్పటి కింద ఫోను వెలుగు. పాత తిట్లనే మళ్లీ మళ్లీ చదువుకుంటున్నాడు. అన్నం సగంలో వదిలేస్తున్నాడు.

లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే వీడియో గేమ్‌లో పేరుమోసిన కొరియా ఆటగాడు ఫేకర్ 2017లో బీజింగ్ ప్రపంచ ఫైనల్లో 3-0తో ఓడి వేదిక మీదే ఏడ్చాడని, 2023లో సియోల్‌లో మళ్లీ ప్రపంచ విజేత అయ్యాడని వాడికి గుర్తుచేశాను. "ఆయన ఫేకర్, అక్కా" అన్నాడు, అంతే.

నాన్న ఫోను లాక్కుందామంటున్నారు. అది తప్పని నా మనసు చెబుతోంది. ఆట పోతే వాడికి ఇంకేమీ మిగలదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయమంటే, నాకేమైనా పిచ్చా అని కోపగించుకున్నాడు.

పోటీల్లో ఆడినవాళ్లు, వారి ఇంట్లోవాళ్లు దయచేసి చెప్పండి. తిట్లు వస్తున్న వాడి సోషల్ మీడియా ఖాతాలు కొన్నాళ్లు జట్టు మేనేజరుకు అప్పగించడం మంచిదేనా? వాడితో మాట మొదలుపెట్టడం ఎలా? వచ్చే నెలలో మళ్లీ అదే జట్టుతో ఆట ఉంది.