నలభై దాటాక హ్యాంగోవర్ రెండ్రోజులు ఉంటోంది. వయసు వల్లా, సరుకు వల్లా?

కోనసీమ_కొబ్బరి:
నాకు 48. పాతికేళ్ల వయసులో శనివారం రాత్రి ఎంత తాగినా ఆదివారం పొద్దున ఏడింటికి క్రికెట్ గ్రౌండులో ఉండేవాణ్ని. ఇప్పుడు క్వార్టర్ తాగితే ఆదివారం మొత్తం మంచం మీదే. తల పగిలిపోతుంది, వెలుతురు చూడలేను, ఒళ్లంతా చెమట, గుండె దడ. సోమవారం ఆఫీసులో కూడా తల బరువు దిగదు. పైగా ఏదో తప్పు చేసినట్టు టెన్షన్. మా కాలేజీ బ్యాచ్ నెలకోసారి కలుస్తాం, అది నాకు ముఖ్యం. మానేయమని మాత్రం చెప్పకండి. ఎందుకిలా అవుతోంది, ఎలా తట్టుకోవాలి?

వరంగల్_వాసి:
అన్నా, వయసు కాదు, సరుకు. నాకు 55. మంచి సరుకు పడితే పొద్దున్నే లేచి పొలం పోతా. పాడు సరుకు పడితే రెండు రోజులు లేవలేను. మనిషి వాడే, కడుపు వాడిదే, సీసా మారింది. దీన్ని ఎవరూ ఒప్పుకోరు, అందరికీ వయసు మీదికి తోయడం అలవాటైంది.

పల్నాడు_మిర్చి:
మజ్జిగలో ఉప్పు, నిమ్మకాయ. అంతే.

మందులషాపు:
ఇరవై రెండేళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. ఆదివారం పొద్దున షట్టర్ ఎత్తగానే వచ్చేవాళ్లలో సగం మంది దీనికోసమే వస్తారు. కోనసీమ గారూ, ముందు లెక్క చూడండి. క్వార్టర్ అంటే 180 మి.లీ. మన విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే దాదాపు 60 గ్రాముల శుద్ధ ఆల్కహాల్. కాలేయం గంటకు సుమారు 7, 8 గ్రాములే వదిలించగలదు. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే తెల్లారి ఐదుకు కూడా ఇంకా ఒంట్లో ఉండొచ్చు. అది పూర్తిగా దిగే వేళకే తలనొప్పి ముదురుతుంది.

ఇక వయసు సంగతి. కుర్రతనంలో మగవాడి ఒంట్లో నీరు దాదాపు 60 శాతం. వయసు పెరిగేకొద్దీ కండ తగ్గి కొవ్వు పెరుగుతుంది, నీరు తగ్గుతుంది. ఆల్కహాల్ కలిసేది నీటిలోనే. అదే క్వార్టర్ తక్కువ నీటిలో కలిస్తే రక్తంలో చిక్కగా ఉంటుంది. నిద్ర కూడా అంతే, మందు త్వరగా నిద్రపుచ్చుతుంది గానీ రాత్రి రెండో సగం చెడగొడుతుంది. ఇరవై ఏళ్లవాడు ఆ నిద్ర మధ్యాహ్నం దాకా పడుకుని పూడ్చుకుంటాడు. మనకు ఆరింటికే మెలకువ వచ్చేస్తుంది.

ఒక ప్రశ్న. మీరు రోజూ వాడే మాత్రలు ఏమన్నా ఉన్నాయా?

డల్లాస్_తమ్ముడు:
వయసుతో పెరుగుతుందని అంత గట్టిగా చెప్పలేం సార్. డెన్మార్క్‌లో 50 వేల మందికి పైగా అడిగిన సర్వేలో బాగా తాగిన మర్నాడు ఎక్కువ బాధపడుతున్నామన్నది కుర్రాళ్లే. పెద్దవాళ్లు తక్కువ చెప్పారు.

మందులషాపు:
తమ్ముడూ, ఆ సర్వే నిజమే. కానీ అరవైలో ఇంకా అలా తాగుతున్నవాళ్లు ఎవరు? తట్టుకోగలిగినవాళ్లే. తట్టుకోలేనివాళ్లు ఎప్పుడో తగ్గించారు, మానేశారు. నా కౌంటర్ ముందు నలభై దాటినవాళ్ల ముఖాలు నేను చూస్తున్నాను.

డల్లాస్_తమ్ముడు:
మీ కౌంటరుకి బాధపడేవాళ్లే వస్తారు కదా సార్, బాగున్నవాళ్లు ఎందుకొస్తారు?

వరంగల్_వాసి:
సర్వేలు, కౌంటర్లు అన్నీ అయినయి, సీసాలో ఏముందో ఎవరూ అడగరు. రంగు మందులో మలినాలు ఎక్కువ ఉంటాయని డాక్టర్లే చెప్తారు. మా తాత ఎనభై ఏళ్ల దాకా తాటి కల్లు తాగిండు, ఒక్కరోజు తలనొప్పి అనలేదు.

మందులషాపు:
మలినాలు ఎక్కువున్న మందుతో మర్నాటి బాధ పెరుగుతుందన్నది నిజమే. అయితే మన చవక విస్కీల్లో చాలావాటికి ఆధారం మొలాసిస్, అంటే చెరకు మడ్డి నుంచి తీసిన శుద్ధ స్పిరిట్. ఆ రంగు ఎక్కువగా కారమెల్‌ది. తాత గారు తాగింది చెట్టు మీంచి దించిన కల్లు, దాంట్లో ఆల్కహాల్ నాలుగైదు శాతం. ఇప్పుడు కొన్ని దుకాణాల్లో కల్లులో నిద్రమాత్రల మందు, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారు, రెంటినీ ఒకటి చేయకండి. ఇంతకీ మీకు ఆ రెండు రోజులు లేవలేనప్పుడు ఎంత తాగారు?

విశాఖ_బీచ్:
బీరు ముందు తాగి విస్కీ తర్వాత తాగితే ఇంతే. వరస మార్చండి.

డల్లాస్_తమ్ముడు:
బీరు, వైన్ వరస మార్చి తాగించి జర్మనీలో చూశారు, తేడా రాలేదు. 2019లో వచ్చింది. మొత్తం ఎంత లోపలికి వెళ్లిందన్నదే లెక్క. మన స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒకటి రెండు లార్జ్ పెగ్గులతో సమానం, ఆ సంగతి చాలామంది మర్చిపోతారు.

వరంగల్_వాసి:
మంచి సరుకు ఎంత తాగినా ఏం కాదు. నా అనుభవం అది.

మందులషాపు:
ఎంత అన్నదే అడిగాను వరంగల్ గారూ. మి.లీ.లలో చెప్పండి.

కోనసీమ_కొబ్బరి:
మందులషాపు గారూ, బీపీకి ఒకటి, షుగరుకి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటాను. నాలుగేళ్లయింది. దీనికీ దానికీ సంబంధం ఉందనుకోలేదు.

మందులషాపు:
సంబంధం చాలా ఉంది! గ్లిమెపిరైడ్ మీద మందు పడితే, అందులోనూ సరిగా తినకపోతే, తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు. చెమటలు, గుండె దడ, వణుకు. మీరు హ్యాంగోవర్ అనుకుంటున్నది కొంత అదే కావచ్చు. గ్లూకోమీటర్ ఉంటే ఆ చెమట పట్టినప్పుడు చూడండి, 70 కంటే తక్కువుంటే వెంటనే పంచదార నీళ్లు తాగండి. మెట్‌ఫార్మిన్ వాడుతూ బాగా తాగడం కూడా ప్రమాదమే. మీ డాక్టరుకు తాగుతానని చెప్పారా? చాలామంది చెప్పరు.

ఇంకో మాట. తలనొప్పికి పొద్దున్నే పారాసిటమాల్ మింగకండి, కాలేయం అప్పటికే పనిలో ఉంటుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర వేసుకుంటే కడుపులో పుండు, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. కోస్తా, తెలంగాణ అని లేదు, అందరూ అడిగేది ఈ రెండే. నేను ఓఆర్‌ఎస్ ఇచ్చి, పల్చటి చారన్నం తినమని పంపుతాను. కొందరు తిట్టుకుంటూ వెళ్తారు.

పల్నాడు_మిర్చి:
పొద్దున్నే ఒక చిన్న పెగ్గు వేస్తే దిగుతుందంటారు కదా?

మందులషాపు:
బాధ సాయంత్రానికి వాయిదా పడుతుంది, అంతే. పొద్దున్నే అది లేకపోతే చేతులు వణుకుతున్నాయంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వరంగల్ గారు ఇంకా చెప్పలేదు.

వరంగల్_వాసి:
ఏం చెప్పాలె? ఎన్నిసార్లు అడుగుతావు? మా బిడ్డ నిశ్చితార్థం ముందురోజు రాత్రి దావత్. మర్నాడు ముహూర్తానికి నేను లేవలేకపోయిన. మా వియ్యంకుడు అందరి ముందు అడిగిండు, "రాత్రి ఎంత పట్టించారు బావగారూ?" అని. మా తమ్ముళ్లు, బామ్మర్దులు అందరూ అదే సరుకు తాగిండ్రు, వాళ్లకూ తలనొప్పే. దుకాణానికి పోయి అడిగితే నన్నే తాగుబోతును చేసి మాట్లాడిండు. అప్పటినుంచి ఇంట్లో అదే మాట. నువ్వు లెక్క అడిగిన ప్రతిసారీ మా వియ్యంకుడి గొంతే వినపడుతోంది. నీది సైన్సు కాదు, నింద.

మందులషాపు:
నింద అనుకుంటే క్షమించండి. కానీ మా నాన్న కూడా ఏనాడూ లెక్క చెప్పలేదు. ఎవరైనా అడిగితే చెయ్యెత్తేవాడు. 58కే కాలేయం పోయింది. నేను లెక్క అడగడం మానలేను.

నీలిమేఘం:
ఇంతసేపు చదివాను. ఒకరు సీసా అంటున్నారు, ఒకరు గ్రాములు అంటున్నారు. మా ఇంట్లో సంగతి చెప్తాను. మావారికి 45. వారంలో పిల్లలకు నాన్న దొరికేది ఆదివారం ఒక్కరోజు. ఆ రోజు గది తలుపు మూసి ఉంటుంది, మేం టీవీ సౌండు తగ్గించుకుంటాం, కుక్కర్ విజిల్ వస్తే నేను భయపడతాను. హ్యాంగోవర్ ఆయనది, మౌనం మా అందరిదీ. ఎలా తట్టుకోవాలి అని అడిగేటప్పుడు, పక్కవాళ్లు ఎలా తట్టుకుంటున్నారో కూడా అడగండి కోనసీమ గారూ.

కోనసీమ_కొబ్బరి:
అమ్మా, మీ మాట గుచ్చుకుంది. మా ఇంట్లోనూ అంతే. కానీ నేను మానేయమనొద్దన్నది మందు కోసం కాదు. ముప్పై ఏళ్ల బ్యాచ్. గత ఏడాది ఒకడు మానేశాడు. మొదట రెండుసార్లు స్ప్రైట్ పట్టుకుని కూర్చున్నాడు, తర్వాత రావడం మానేశాడు, మేమూ పిలవడం మానేశాం. అలా అయిపోతానని నా భయం. వయసు వల్లా, సరుకు వల్లా అని అడిగాను గానీ నేను అడగాలనుకున్నది ఇది కావచ్చు.

డల్లాస్_తమ్ముడు:
అతనికి ఫోన్ చేయండి అన్నా.

కోనసీమ_కొబ్బరి: (పది రోజుల తర్వాత)
డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. షుగర్ మాత్ర మార్చారు. అసలు తాగొద్దన్నారు, మానలేకపోతే ఒకటి దాటొద్దు, ఖాళీ కడుపుతో ముట్టుకోవద్దన్నారు. శనివారం భోజనం తర్వాత ఒక 60తో ఆపాను. రాత్రంతా నీళ్లు తాగాను. పొద్దున ఎనిమిదికి లేచాను, తల కాస్త బరువు, చెమటలు లేవు. మానేసినవాడికి ఫోన్ చేశాను. వచ్చే నెల వాళ్లింట్లోనే కలుద్దామన్నాడు, చేపల పులుసు చేయిస్తాడట.

వరంగల్_వాసి:
మంచిది అన్నా. మందులషాపు గారికి చెప్పాలె. ఆ రాత్రి నాకు హాఫ్ అయింది, 375. సరుకు మంచిది కాదన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.