పర్లాకిమిడిలో (ఒడిశా) విక్కా మొదలుపెట్టాలంటే?

ప్రశ్న: అద్దె గదిలో విక్కా (మంత్రసాధన ఉండే ఆధునిక మతం) పద్ధతిలో కొవ్వొత్తి సాధన, అంటే కోరిక తలచుకుని కొవ్వొత్తి వెలిగించడం, చేద్దామని. నూనె, మూలికలు ఎంత వేయాలండీ? ఇరుగుపొరుగుకి చెప్పొచ్చా?

జవాబు: నూనె రెండు చుక్కలు చాలు, వత్తికి తగలనివ్వకండి. దాల్చినచెక్క పొడి చిటికెడు, అదీ అడుగువైపే. ఎండాకులు అంటిస్తే మైనం కరిగాక అవే రెండో వత్తిలా భగ్గుమంటాయి. వత్తి పావు అంగుళమే ఉంచండి, పొడవైతే మసి. కింద ఇసుక పోసిన ఇత్తడి పళ్లెం పెట్టండి. ఫ్యాను ఆపేయాలి, లేకపోతే మైనం ఒకవైపే కారిపోతుంది.

జవాబు: సంకల్పం ఒక్క వాక్యంలో రాసుకోండి. తేదీ, తిథి, ఫలితం నోట్‌బుక్‌లో ఉండాలి. ఇది లేకుండా నేర్చుకోలేరు.

జవాబు: ఇరుగుపొరుగుకి వద్దండీ. విక్కా గెరాల్డ్ గార్డ్‌నర్ ఇంగ్లండులో ప్రచారం చేసిన మతం, కానీ ఊళ్లో అది చిల్లంగి (చేతబడి) కిందే జమ. మంత్రగత్తె అని ముద్రవేయడం ఒడిశాలో 2013 చట్టం ప్రకారం నేరం. ఎవరైనా అలా అంటే వెంటనే ఠాణాలో ఫిర్యాదివ్వండి.