నెల్లూరు చుట్టుపక్కల పిల్లలతో జియోక్యాచింగ్ ఆడొచ్చా?

మాగుంట_నాన్న: సెలవుల్లో పిల్లలు ఫోన్ వదలట్లేదు. అందుకని జియోక్యాచింగ్ మొదలుపెడదామని ఉంది. ఎవరో ఒకచోట డబ్బా దాచి, అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు. మనం జీపీఎస్‌తో వెతికి, లోపలి పుస్తకంలో పేరు రాసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టి రావాలి. మైపాడు వైపు సరుగుడు తోటల్లో మేమూ ఒకటి పెట్టాలనుకుంటున్నాం. ఏమంటారు?

ఉదయగిరి_రాయి: వద్దన్నా. గుప్తనిధులంటూ పాత కోటల్ని తవ్వి పాడుచేసింది చాలదా? ఇప్పుడు మీరు డబ్బాలు పాతిపెడతారా?

మాగుంట_నాన్న: పాతిపెట్టం. స్థలం సొంతదారు ఒప్పుకుంటే తప్ప తవ్వకూడదని నియమం ఉంది.

ఉదయగిరి_రాయి: ఈ ఆట పుట్టిందే పాతిపెట్టి కదన్నా! మామూలు జనం వాడే జీపీఎస్‌లో చోటు కచ్చితంగా తెలియకుండా కావాలని కలిపిన తేడాను అమెరికా తీసేసిన మర్నాడు, 2000 మే 3న, ఒరెగాన్‌లో డేవ్ ఉల్మర్ పెట్టిన మొదటి బకెట్ సగం మట్టిలోనే ఉంది.

పొదలకూరు_అమ్మ: డబ్బాలో తినేవి పెట్టమాకండి, వాసనకి జంతువులొస్తాయి. పెన్సిల్ పెట్టండి, చెమ్మకి పెన్ను సిరా అలుక్కుపోతుంది. పొదలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించమని పిల్లలకి చెప్పండి. పాములుంటాయి.

ఉదయగిరి_రాయి: సగం పాతినా పాతినట్టే.

అల్లూరు_గుంటలు: పాతటం సంగతి పక్కన పెట్టండి. రొయ్యల గుంటల మీద నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కేబుళ్లు కోసుకుపోతుంటే రాత్రిళ్లు నిద్ర మానుకుని కాపలా కాస్తున్నాం. కొత్త మనుషులు ఫోన్ పట్టుకుని గట్టెంబడి పొదలు వెతుకుతుంటే ఎవరూరుకుంటారు?

మాగుంట_నాన్న: పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లని దొంగలంటారా? ప్రతిదానికీ అడ్డం పడితే పిల్లలు బయటికెట్లా వస్తారు?

అల్లూరు_గుంటలు: మిమ్మల్ని అనరులే. మా తమ్ముడి కొడుకుని అన్నారు. పక్క ఊరి గుంట గట్టు మీద బంతి వెతుక్కుంటుంటే పట్టుకుని మోటారు షెడ్డు ముందు కూర్చోబెట్టారు. మేం పోయి బతిమాలితేగానీ వదల్లేదు. వాడిప్పుడు ఆ దోవన బడికి కూడా పోడు. మీ పిల్లోళ్లు కారు దిగి పొదల్లో వెతికితే ఆట, మావోళ్లు వెతికితే దొంగతనం. నా కడుపుమంట అదీ!

పొదలకూరు_అమ్మ: ఆయన చెప్పేది నిజం.

మాగుంట_నాన్న: సరే అన్నా. తోట సొంతదారుని అడిగి, ఒప్పుకుంటేనే పెడతా. ఇది ఆటేనని డబ్బా మీద తెలుగులో రాస్తా. మీ అబ్బాయినీ పంపండి, మామూలుగా ఆడటానికి యాప్‌కి డబ్బులేం కట్టక్కర్లేదు.

ఉదయగిరి_రాయి: కోట మీద మాత్రం పెట్టొద్దు.

అల్లూరు_గుంటలు: డబ్బుల గురించి కాదన్నా నేనడిగేది. మీరు అడిగితే తోటాయన ఒప్పుకుంటాడు. మావాడు ఒక్కడే వచ్చి వెతికేరోజున అక్కడి కాపలావాడికి ఎవరు చెప్తారు? ముందు ఆ సంగతి తేల్చండి, పంపిస్తా.